పసుపు మీద ఎర్రపూలు

పెద్ద గుడ్డసంచి అడుగున ముందు తువ్వాళ్ళు పెట్టాను. వాటి మీద పిల్లలు గోదావరిలో మునగడానికి పాతబట్టలు, ఆ పైన జంతికల డబ్బా, బెల్లం గవ్వల డబ్బా, అరిటాకుల్లో కట్టిన పులిహోర పొట్లాలు. అన్నీ పట్టాయి. పట్టాయని తెలిసి కూడా మళ్ళీ బయటికి తీసి లెక్క చూసుకుని సర్దాను. మూడోసారి తీస్తుంటే మా కోడలు రామతులసి జడ అల్లుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యగారూ, మనం వెళ్ళేది రాజమండ్రి అండి. కాశీ కాదు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాం."

"బయల్దేరేటప్పుడు అలా అనకూడదమ్మా."

"మరేం అనాలండి?"

"ఏమీ అనకూడదు."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. నాకు రెండేళ్ళప్పుడు మా నాన్న రంగూను వెళ్ళాడు. ఆయన సంచిలో మా అమ్మ జంతికలు పెట్టిందట. నాన్న మొహం నాకు గుర్తు లేదు గాని, ఆ సంచిలో ఏమేం పెట్టిందో మా అమ్మ పోయేదాకా చెబుతూనే ఉండేది. ఆ తరవాత కూడా మా ఇళ్ళల్లోంచి సంచి పట్టుకుని గుమ్మం దిగినవాళ్ళు, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనివాళ్ళు ఉన్నారు. అందుకే ఎవరు ఎక్కడికి వెళ్తున్నా సంచి నేనే సర్దుతాను.

అది 2003లో గోదావరి పుష్కరాలు మొదలైన అయిదో రోజు, ఆదివారం. మా ఊరు కొత్తపేట దగ్గర. మా అబ్బాయి గణేష్‌బాబుకి రావులపాలెంలో ఎరువుల కొట్టు ఉంది. నాట్ల రోజులు కాబట్టి రాత్రి తొమ్మిదైతే గాని ఇంటికి వచ్చేవాడు కాదు. రామతులసి కాన్వెంటులో టీచరు. పొద్దున్న ఏడున్నరకి బస్సెక్కితే సాయంత్రం అయిదున్నరకి దిగేది. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. మా అమ్మాయీ అల్లుడూ తణుకులో టిఫిన్ హోటలు నడుపుతారు. వాళ్ళకి పండగ లేదు, పబ్బం లేదు. పుష్కరస్నానం చేయించమని వాళ్ళ ఇద్దరు పిల్లల్నీ నా దగ్గర దింపి, వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళిపోయారు. అందరూ పనిలో ఉంటే పండగ ఎవరో ఒకరు చెయ్యాలి కదా. పిల్లలకి బట్టలు కుట్టడం, తినడానికి నాలుగు వండడం ఎప్పుడూ నా వంతే.

నేను బడికి వెళ్ళలేదు. గౌన్లకీ చొక్కాలకీ కొలతలు కత్తిరించుకోడానికి పాత పేపర్లు వాడేదాన్ని. మెడ ముక్క, చంక ముక్క, చేతి ముక్క. ఆ ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ ముప్ఫై అయిదేళ్ళు దాటాక చదవడం నేర్చుకున్నాను. రాయడం మాత్రం నేర్చుకోలేదు. ఎక్కడైనా కావలిస్తే వేలిముద్ర వేసేదాన్ని.

పేపర్లో నేను మొదట చదివేది "కనబడుట లేదు" అని వేసే ప్రకటనలు. చిన్న ఫొటో, పేరు, వయసు, ఛాయ. ఆ తరవాత తప్పకుండా ఒక వాక్యం ఉంటుంది, ఇల్లు విడిచినప్పుడు ఏ బట్టలు వేసుకున్నారో. నీలం నిక్కరు, తెల్ల చొక్కా. నీలం నిక్కర్లు ఎన్ని వేలమంది పిల్లలకి ఉంటాయి! చదివినప్పుడల్లా అనుకునేదాన్ని, వీడి తల్లి కాస్త కొట్టొచ్చినట్టు కనబడే గుడ్డ కుట్టి ఉంటే వీడు దొరికేవాడేమో అని.

పుష్కరాలకి లక్షల జనం వస్తారని టీవీలో చెప్పినప్పుడు నాకు ఆ నీలం నిక్కర్లే గుర్తొచ్చాయి. రావులపాలెం వెళ్ళి బట్టల కొట్లో అన్నిటికంటే మెరిసిపోయే తాను దించమన్నాను. పసుపు మీద అరచేతంత ఎర్రపూలు.

"బుల్లెమ్మగారూ, ఇది గుమ్మాలకి కర్టెన్లు కుట్టించుకునే గుడ్డండి," అన్నాడు కొట్టతను.

"పాతిక గజాల దూరంనుంచి కనబడుతుందా?"

"పాతికేంటండి, పక్కూరికి కనబడుతుంది."

"అయితే చింపు."

ముగ్గురు ఆడపిల్లలకి గౌన్లు, ఇద్దరు మగపిల్లలకి చొక్కాలు కుట్టాను. అయిదుగురికీ అదే గుడ్డ. వచ్చే ఏడు విప్పుకోడానికి అంచు లోపల మూడేసి వేళ్ళ గుడ్డ మడిచి పెట్టాను. పెద్ద మనవడు భాస్కర్‌కి పదకొండేళ్ళు. చొక్కా చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"మామ్మా, నేనిది చచ్చినా వేసుకోను. మా ఫ్రెండ్స్ చూస్తే పరదా భాస్కర్ అంటారు."

"నువ్వు వేసుకోకపోతే నాకియ్యరా," అన్నారు మా ఆయన. మిషను పక్కన పీట వేసుకుని కూర్చునేవారు ఎప్పుడూ. నా చూపు మందం, ఆయన చెవి మందం. సూదిలో దారం ఆయన ఎక్కించేవారు, గుమ్మంలో ఎవరైనా పిలిస్తే నేను చెప్పేదాన్ని. ఎంత మందమైనా, పేరు పెట్టి గట్టిగా పిలిస్తే మాత్రం సంతలో ఉన్నా తల తిప్పేవారు. ఊళ్ళో అందరూ అలాగే పిలిచేవారు.

నేను తప్ప. మొగుడి పేరు పెళ్ళాం నోటితో అంటే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని మా అమ్మ చెప్పింది. మా నాన్న పేరేంటని ఎవరో అడిగితే తను ఒకసారి నోరు జారిందట. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను ఒక్కసారీ అనలేదు. ఓటర్ల లిస్టువాళ్ళు వచ్చి అడిగితే పక్కింటి సుబ్బాయమ్మని కేకేసేదాన్ని. అది గోడ మీంచే ఆయన పేరు చెప్పి, "ఏంటక్కా, కొరుకుతుందా ఆ పేరు?" అని నవ్వేది.

అయిదూ కుట్టాక గజంన్నర గుడ్డ మిగిలింది. మా ఆయన దాన్ని ఛాతీకి అడ్డం పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు.

"దీంతో నాకో పొట్టిచేతుల చొక్కా కుట్టెయ్యవే. ఆరోవాణ్ణి నేనవుతా."

"ఈ వయసులో పూలచొక్కా ఏంటండీ. నలుగురూ నవ్విపోతారు."

"నవ్వితే నవ్వారు. తప్పిపోతే దొరుకుతాగా."

"చాల్లెండి, ఆ మాటలు."

ఆయన చేతిలోంచి గుడ్డ లాక్కున్నాను. మర్నాడు సుబ్బాయమ్మ జంతికలు తిప్పడానికి సాయం వచ్చింది. వాళ్ళూ అదే ఆదివారం ట్రాక్టరు మీద పుష్కరాలకి వెళ్తున్నారు, దాని మనవరాలికి మంచి గౌను లేదు. ఆ ముక్క దానికిచ్చి, మా అబ్బాయి కూతురు హారతి కొలత కాగితమే పెట్టి కత్తిరించి, సాయంత్రానికి కుట్టేశాను. ఆ పిల్లదీ హారతిదీ ఒకే వయసు, ఆరేళ్ళు. ఒకే ఒడ్డూ పొడవూ.

పిల్లలు ప్రయాణానికి ముందు మూడు రోజులూ కొత్త దువ్వెనల వెనక పిండి ముద్దలు నొక్కి గవ్వలు చేశారు. హారతి చేసినవి గవ్వల్లా లేవు, నలిగిన ఆకుల్లా ఉన్నాయి. "ఇవి తాతయ్యకే," అని విడిగా గిన్నెలో పెట్టుకుంది. నూనెలో వేయించి బెల్లం పాకం పట్టాక కూడా ఏవి తనవో గుర్తుపట్టి ఏరుకుంది.

బస్సులో అయిదు పసుపు బట్టలు లెక్కపెట్టాను. ఊరి బయట దింపేస్తే అక్కడినుంచి నడిచాం. మలుపు తిరిగినప్పుడల్లా లెక్కపెట్టాను. దారి పొడుగునా స్తంభాలకి మైకులు కట్టారు. అవి ఒక్క క్షణం ఊరుకోలేదు. విజయనగరం నుంచి వచ్చిన ఫలానా ఆమె తప్పిపోయింది, బంధువులు రావాలి. నాలుగేళ్ళ బాబు ఏడుస్తున్నాడు, తల్లి ఎక్కడున్నా రావాలి. ప్రతి పేరుకీ ఆగి మళ్ళీ లెక్కపెట్టాను. భాస్కర్ కూడా చొక్కా గురించి మాట్లాడడం మానేసి నా కొంగు పట్టుకున్నాడు.

"చూశావా మామ్మా," అన్నాడు కాసేపటికి, "మనల్ని చూసి అందరూ దారిస్తున్నారు. బ్యాండు మేళం అనుకుంటున్నారు."

పుష్కరాల రేవులో మెట్లు కనబడలేదు, తలలే కనబడ్డాయి. రామతులసి ఇద్దర్ని, నేను ఇద్దర్ని, మా ఆయన హారతిని పట్టుకుని మూడు మునకలు వేయించాం. ఒడ్డుకి రాగానే పిల్లలకి ఒళ్ళు తుడిచి మళ్ళీ పసుపు బట్టలు వేసేశాను. నా చీర కారుతూనే ఉంది. పై మెట్ల మీద గొడుగుల కింద పురోహితులు వరసగా కూర్చున్నారు. మా ఆయన చొక్కా సంచిలో పెట్టి, తడి పంచెతో, భుజాన తువ్వాలుతో తల్లిదండ్రులకి పిండాలు పెట్టడానికి అటు వెళ్ళారు. క్రితం పుష్కరాలకి జ్వరమొచ్చి రాలేకపోయారు. పన్నెండేళ్ళనుంచి ఆ మాటే అనుకుంటూ ఉన్నారు. రామతులసి బట్టలు మార్చుకోడానికి ఆడవాళ్ళ తడికల గది దగ్గర వరసలో నిలబడింది.

నేను పిల్లల్ని ఒక స్తంభం మొదట్లో కూర్చోబెట్టి డబ్బాలు తీశాను. మైకు అరుస్తోంది. జనం మా మీంచి దాటిపోతున్నారు. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని జంతికలు పంచాను. చాచిన చేతుల్లో పెడుతూ లెక్కపెట్టాను. పసుపు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. గవ్వలు పంచుతూ మళ్ళీ లెక్కపెట్టాను. అయిదు. ఆ పూట మొదటిసారి నా గుండె కాస్త కుదుటపడింది. కూర్చుని కొంగు పిండుకున్నాను. మూడోసారి కూడా అయిదే.

"ఓసి నీ దుంప తెగ, ఇక్కడున్నావా!"

సుబ్బాయమ్మ. జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా ముందు కూర్చున్న పిల్ల జబ్బ పట్టుకుని లేపింది. "బుల్లెమ్మక్కా, చూశావా దీని పని? గవ్వల డబ్బా కనబడేసరికి నా చెయ్యి విదిలించుకుని వచ్చేసింది. పద పద, ట్రాక్టరు కోటిలింగాల దగ్గరుంది, అక్కడ మునిగి బయల్దేరిపోవాలి. వస్తానక్కా."

ఆ పిల్ల నోటినిండా గవ్వలతో నాకేసి చూసింది. హారతి కాదు.

సుబ్బాయమ్మ వెళ్ళిపోయింది. నా ముందు నలుగురు మిగిలారు.

"హారతేదిరా?" అన్నాను భాస్కర్‌తో.

"ఇక్కడే ఉంది కదా," అని పక్కకి చూసి, వాడు జంతిక కింద పడేశాడు. "ఇందాకట్నుంచీ లేదేమో మామ్మా. నేనూ దాన్ని చూసి హారతే అనుకున్నా."

ఎప్పటినుంచి లేదో నాకు తెలియదు. మొహాలు చూడలేదు. గుడ్డ లెక్కపెట్టాను. ఎదురుగా గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. అంత నీళ్ళు నేను అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూశాను.

రామతులసి వచ్చింది. నా మొహం చూసి పిల్లల్ని చూసింది. పరుగెత్తుకెళ్ళి మైకు డేరాలో చెప్పించింది. నిమిషంలో అన్ని స్తంభాలూ అరిచాయి. ఆరేళ్ళ పాప, పేరు హారతి, పసుపు మీద ఎర్రపూల గౌను. మా ఆయన పిండాలు పెట్టేసి కిందికి దిగి వచ్చారు. వేలికి దర్భ ఉంగరం ఇంకా ఉంది. నేను చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "నీళ్ళవైపు వెళ్ళదు, దానికి నీళ్ళంటే భయం," అన్నారు. అది ఆయన తనకి తాను చెప్పుకున్నారు.

అప్పుడే మైకు మళ్ళీ పలికింది. పసుపు మీద ఎర్రపూల గౌను వేసుకున్న పాప కోటిలింగాల రేవు దగ్గర ఉంది. ఏడుస్తోంది, పేరు చెప్పడం లేదు. సంబంధించినవారు అక్కడికి వెళ్ళాలి.

ఆ గుడ్డ ఇంకో పిల్ల ఒంటి మీద కూడా ఉందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. అర్ధగంట కిందటే ఆ గుడ్డ వల్ల మోసపోయి కూడా తట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను.

"దొరికిందండీ! కోటిలింగాల రేవట!"

"నేను వెళ్తాను మావయ్యగారూ," అంది రామతులసి.

"నువ్వీ నలుగుర్నీ చూసుకోమ్మా. మీ అత్తకి ఇప్పుడు కాళ్ళూ చేతులూ ఆడవు." తువ్వాలు భుజాన సర్దుకున్నారు. "మీరు ఇక్కణ్ణించి కదలకండి. కదిలితే మళ్ళీ మిమ్మల్ని వెతుక్కోవాలి."

"చొక్కా వేసుకోండి," అన్నాను సంచి తెరుస్తూ.

"వచ్చాక వేసుకుంటాలే."

నాలుగు అడుగుల్లో జనం ఆయన్ని మూసేశారు. తెల్ల పంచె, తెల్ల తువ్వాలు. ఆ రేవులో ఎటు చూసినా తెల్ల పంచెలే.

పది నిమిషాలు కూడా కాలేదు. ఒక పురోహితుడు పై మెట్ల మీంచి ఒక పిల్లని నడిపించుకుంటూ వచ్చాడు. "ఈ పాప మీదేనాండి? వాళ్ళ తాతగారు పిండాలు పెడుతుంటే నా గొడుగు వెనకాల కూర్చుందండి. ఆయన లేచి అటు దిగిపోయారు, ఇది చూసుకోలేదు. ఇప్పటిదాకా నిద్రపోయింది." హారతి పిడికిలి విప్పి చూపించింది. నలిగిన ఆకుల్లాంటి గవ్వలు నాలుగు. "తాతయ్యకిద్దామని వెళ్ళా," అంది.

రామతులసి దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. కోటిలింగాల దగ్గర ఏడుస్తున్న పిల్ల ఎవరో నాకు అప్పుడు అర్థమైంది.

"అమ్మా, మీ మావయ్యగారు," అన్నాను.

"నేను వెళ్ళి తీసుకొస్తానండి. పిల్లని చూస్తే ఆయనకే తెలిసిపోతుంది." భాస్కర్‌ని తోడు తీసుకుని ఆమె రోడ్డు మీదుగా బయల్దేరింది. "మీరు మైకులో చెప్పించండి అత్తయ్యగారూ, పిల్ల దొరికిందని. ఆయన పేరు చెప్పి పిలిపించండి, వింటారు."

నలుగురు పిల్లల చేతులూ ఒకదానికొకటి తువ్వాలుతో కట్టి, మైకు డేరాకి వెళ్ళాను. మైకు దగ్గర కళ్ళద్దాల కుర్రాడొకడు కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయింది పాపం.

"చెప్పండి మామ్మగారూ."

"మా మనవరాలు దొరికింది బాబూ. వాళ్ళ తాతయ్య కోటిలింగాల వైపు వెళ్ళారు. వెనక్కి రమ్మని చెప్పు."

"తాతయ్యగారి పేరేంటండి?"

నేను నోరు తెరిచాను. మూసుకున్నాను.

"పేరు చెప్పండి మామ్మగారూ, వెనక చాలామంది ఉన్నారు."

"హారతి తాతయ్య అని చెప్పు."

"తాతయ్యలు లక్షమంది ఉన్నారండి ఇక్కడ. పేరు కావాలి. పోనీ, కాగితం మీద రాసివ్వండి." కలం నా చేతిలో పెట్టాడు.

రాయడం నాకు రాదు. పిల్లల్ని అడిగాను, తాతయ్య పేరేంటని. "తాతయ్యే," అంది హారతి. మిగతా ముగ్గురూ బిక్కమొహాలు వేశారు. వెనకనుంచి ఎవరో నా భుజం మీంచి చెయ్యి పెట్టి, తమ వాళ్ళ పేరు చెప్పేసుకున్నారు. ఆయన పేరు నా నాలిక మీదే ఉంది. ఎదురుగా వరదగోదావరి, మనిషి కళ్ళముందు లేరు. అలాంటి పూట, ఆయన ఆయుష్షు తరిగే మాట నేను ఎలా అంటాను? మా అమ్మ నోరు జారింది, మా నాన్న రంగూనునుంచి రాలేదు. నేను ఆ డేరాలో నిలబడి అదే అనుకున్నాను. రామతులసి ఎంతసేపట్లో వచ్చేస్తుంది, వచ్చి ఆ పేరు తనే చెబుతుంది అనుకున్నాను.

"హారతి అనే పాప దొరికింది, తాతయ్యగారు ఎక్కడున్నా పుష్కరాల రేవుకి రావలెను," అని ఆ కుర్రాడు రెండుసార్లు చదివాడు. అంతకంటే ఏం చేస్తాడు? ఆ పక్క స్తంభం వేరే పేరు, ఈ పక్క స్తంభం వేరే పేరు. ఆ గోలలో ఆయన చెవికి తాతయ్య అన్న మాట ఎలా అందుతుంది?

గంటంపావు తరవాత రామతులసి వచ్చింది. భాస్కర్ ఉన్నాడు. సుబ్బాయమ్మ, దాని మనవరాలు ఉన్నారు. ఆయన లేరు.

"అక్కా, మైకులో గౌను గుర్తులు వినగానే పోలీసులు నన్నాపేశారు," అంది సుబ్బాయమ్మ. దానికి ఏడుపు ఆగడం లేదు. "నా మనవరాలు బాబూ అంటే, మరి గౌను అదే కదమ్మా అన్నారు. ఇదేమో నోరు విప్పదు. బావగారు వచ్చి, మా ఊరి పిల్లేనండి, వదిలెయ్యండి అని చెప్పారు. మంచినీళ్ళిచ్చాను, సగం తాగారు. మా పిల్ల ఇంకా దొరకలేదు సుబ్బాయమ్మా అన్నారు. ఉండండి బావగారూ నేనూ వస్తానంటే వినలేదు. నీళ్ళ అంచునే, కనబడ్డవాళ్ళనల్లా అడుక్కుంటూ వెళ్ళిపోయారు."

రామతులసి రోడ్డు మీదుగా వెళ్ళింది. ఆయన మెట్ల మీదుగా వచ్చారు. వచ్చారో, వెళ్ళారో. రామతులసి డేరాలోకి వెళ్ళి ఆయన పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పింది. సాయంత్రం దాకా ప్రతి పది నిమిషాలకీ ఆ పేరు అన్ని రేవుల్లోనూ వినబడింది. గణేష్‌బాబు కొట్టు మూసేసి మోటారుసైకిలు మీద వచ్చాడు. పోలీసులకి చెప్పాడు, పడవవాళ్ళకి చెప్పాడు.

పొద్దు వాలుతుంటే నేను మెట్ల మీద నిలబడి, గోదావరికేసి చూస్తూ, ఆయన పేరు పెట్టి పిలిచాను. గొంతు ఉన్నంతమేర పిలిచాను. తెల్ల పంచెల్లో ఇద్దరు ముసలివాళ్ళు తల తిప్పి చూశారు. ఇద్దరూ వేరే ఊళ్ళవాళ్ళు.

పుష్కరాలు అయిపోయేదాకా మేము రాజమండ్రిలోనే ఉన్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దాకా రెండు ఒడ్లూ వెతికించారు. ఏమీ దొరకలేదు. నీళ్ళలో పడ్డారని చూసినవాళ్ళు లేరు, పడలేదని చెప్పగలిగినవాళ్ళూ లేరు. మా అబ్బాయి పేపర్లో "కనబడుట లేదు" వేయించాడు. ఆ వాక్యం ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు. తెల్ల పంచె, భుజాన తెల్ల తువ్వాలు. ఫోన్లు చాలా వచ్చాయి. పిఠాపురం గుళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు, తెల్ల పంచె. తునిలో ఒకాయన, తెల్ల పంచె. ఏడాదిన్నర పాటు ప్రతి ఫోనుకీ గణేష్‌బాబు వెళ్ళాడు. ఒక్కసారి కూడా సంచి నేను సర్దలేదు. వాడే సర్దుకున్నాడు.

సుబ్బాయమ్మ తన మనవరాలి గౌను ఉతికి మడతపెట్టి తెచ్చి నా మంచం మీద పెట్టేసి వెళ్ళింది. ఆయన ఛాతీకి అడ్డం పెట్టుకుని చూసుకున్న గుడ్డ అది. ఆ గజంన్నరతో చొక్కా అయ్యేది. పొట్టిచేతులు, చిన్న కాలరు, ఒక జేబు. ఎలా కత్తిరించాలో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

ఇది జరిగి అయిదేళ్ళయింది. నేను ఇప్పుడు కూడా బట్టలు కుడతాను, జంతికలు చేస్తాను. రామతులసికి ఇంకా ఏడున్నర బస్సే. పిల్లల్ని లెక్కపెట్టేటప్పుడు గెడ్డం పట్టుకుని మొహం నావైపు తిప్పుకుని లెక్కపెడతాను. వాళ్ళు విసుక్కోరు. ఆయన ఆయుష్షు తరిగింది నేను ముందు పేరు అననందుకా, తరవాత అన్నందుకా అన్నది నాకు తేలలేదు. దాని గురించి ఎవరినీ అడగలేదు.

హారతిని ఎవరూ ఒక్క మాట అనలేదు. పోయిన నెల అది నా పక్కన పడుకుని అడిగింది. "మామ్మా, నేను దొరికానని తాతయ్యకి తెలీదు కదా? ఇంకా నాకోసమే వెతుకుతున్నాడా?" నేను దుప్పటి కప్పి పడుకోమన్నాను. ఆ ప్రశ్న నాకు అయిదేళ్ళనుంచీ తెలుసు. ఎవరు ఎప్పుడు పైకి అంటారోనని భయపడుతూ ఉన్నాను.

ఆ పిల్ల రెండో తరగతి కాపీ పుస్తకాల్లోనే నేను రాయడం దిద్దుకున్నాను. మొదట నేర్చుకున్నది ఒక పేరు. ఇప్పుడు ఎవరు కాగితం ఇచ్చినా రాయగలను.

మా ఆయన పేరు అడబాల చిట్టియ్య. వయసు డెబ్బై. 2003 ఆగస్టు మూడో తేదీ ఆదివారం పొద్దున్న పదకొండు గంటలకి రాజమండ్రి పుష్కరాల రేవులో మా దగ్గరనుంచి వెళ్ళారు. తిరిగి రాలేదు.